స్లాబు కారుతోంది, ఓనరు పలకడు: కిరాయి ఆపేయాలా?

చంద్రపూర్ జిల్లా బల్లార్‌పూర్ నుంచి ఒక సోదరి పెద్ద ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. ఆమె మామగారు కరీంనగర్ వైపు నుంచి కాగితం మిల్లులో పనికి వచ్చి అక్కడే ఉండిపోయారట. ఈమె 14 ఏళ్లుగా బజారులో ఒక షాపు కిరాయికి తీసుకుని బ్లౌజులు కుడుతూ, చీరలకు ఫాల్, పీకో చేస్తూ ఇల్లు నడుపుతున్నారు. మూడు మిషన్లు, పనికి ఇద్దరు అమ్మాయిలు. అక్కడ వరసగా నాలుగు షాపులు ఉన్నాయి. అన్నిటి మీదా ఒకటే పాత స్లాబు, వెనక ఓనరు ఇల్లు. కిరాయి నెలకు 6,000 రూపాయలు.

నాలుగేళ్లుగా స్లాబు కారుతోంది. పోయిన వానాకాలంలో పెచ్చు ఊడి, కస్టమర్లు కూర్చునే కుర్చీ మీద పడింది. ఆ సమయానికి కుర్చీలో ఎవరూ లేరు. ఇప్పుడు చువ్వలు బయటికి కనిపిస్తున్నాయి. మీటరు బోర్డు పక్క నుంచి గోడ వెంట నీళ్లు దిగుతున్నాయి. ఒక పెళ్లివారి పట్టుచీర, మగ్గం బ్లౌజు తడిసి రంగు దిగితే ఈమె 7,000 చేతి నుంచి కట్టారు. పాత ఓనరు పెద్దాయన ఉన్నప్పుడు చెప్పగానే మేస్త్రీని పంపేవారట. ఆయన పోయాక నాగపూర్‌లో ఉంటున్న కొడుకు ఫోన్లో మొదట చూద్దాం అన్నాడు. తర్వాత, ఇబ్బందిగా ఉంటే ఖాళీ చేయండి, అడ్వాన్స్ ఇచ్చేస్తా అన్నాడు. కిరాయి మాత్రం ప్రతి నెలా పెద్దాయన భార్య చేతికి ఇస్తున్నారు. అందరూ ఆమెను ఆజీ (మరాఠీలో అవ్వ) అంటారు. రసీదు లేదు. మొదట్లో 100 రూపాయల స్టాంపు కాగితం మీద మరాఠీలో 11 నెలలకు ఒక భాడే కరార్, అంటే కిరాయి ఒప్పందం, రాసుకున్నారు. దాన్ని మళ్లీ రాసుకోలేదు.

కిరాయి ఆపేయమని మరిది అంటున్నాడు. మనమే బాగుచేయించేసి తర్వాత చెబుదామని పక్క షాపాయన అంటున్నాడు. "మనం బయటివాళ్లం, గొడవెందుకు" అని భర్త అంటున్నారు. మేస్త్రీ ఈమె షాపు వరకు చేస్తే 45,000 అన్నాడు, నాలుగు షాపులూ కలిపి చేయిస్తే తలా 35,000 అన్నాడు. "కిరాయి ఆపేస్తే తప్పా? ఆజీ మొహం చూసి నోటీసు ఎలా పంపను? రాత్రి వాన చప్పుడు వింటే నిద్ర రావట్లేదు, ఒకటే టెన్షన్" అని ఉత్తరం ముగించారు.

అమ్మా, చట్టం సంగతి తర్వాత. ముందు ఈ వారమే చేయాల్సినవి చెబుతాను. కుర్చీని, మిషన్లను చువ్వలు తేలిన చోటు నుంచి పక్కకు జరపండి. వదులుగా వేలాడుతున్న పెచ్చులను మేస్త్రీతో దింపించేయండి. ఎలక్ట్రీషియన్ను పిలిచి బోర్డును తడి లేని గోడకు మార్పించడమో, కనీసం కరెంటు లీకైన వెంటనే కట్ అయ్యే బ్రేకరు పెట్టించడమో చేయండి. గోడ తడిగా ఉన్న రోజు మెయిన్ ఆపేయండి, ఆ రోజు పని పోయినా సరే. ఈ ఖర్చు ఎవరిదన్న వాదన తర్వాత చూసుకోవచ్చు. పనిచేసే ఆ ఇద్దరు అమ్మాయిల ప్రాణం ఓనరు ఫోన్ కోసం ఆగదు. పెచ్చులు దింపే ముందు మాత్రం అన్ని వైపుల నుంచీ ఫోటోలు, వీడియోలు తీసి పెట్టుకోండి.

ఇంకో మాట. పెచ్చు ఊడిన చోట కింద నుంచి సిమెంటు పూయించి ఊరుకోవద్దు. పై నుంచి నీళ్లు దిగి లోపలి చువ్వకు తుప్పు పడుతుంది. తుప్పు ఇనుముకన్నా ఎక్కువ చోటు ఆక్రమించి చుట్టూ ఉన్న కాంక్రీటును తోసేస్తుంది, అందుకే పెచ్చులు ఊడతాయి. పైన నీళ్లు ఆపకుండా, చువ్వల తుప్పు గీకకుండా కింద ఎంత పూసినా వచ్చే ఏడాది మళ్లీ అదే రాలుతుంది. మీరిద్దరూ, అంటే మీరూ ఓనరూ, ఏ ఒప్పందానికి వచ్చినా అది పైభాగం పని గురించే ఉండాలి.

ఇక కిరాయి ఆపడం. దయచేసి ఆపకండి. మీ మరిది కోపం నాకు అర్థమవుతుంది, కానీ ఆ సలహా మీకే నష్టం. మీరు ఉన్నచోట వర్తించేది మహారాష్ట్ర కిరాయి నియంత్రణ చట్టం, 1999. అది 2000 మార్చి 31 నుంచి అమల్లో ఉంది. కిరాయి సక్రమంగా కట్టే వ్యాపారిని ఊరికే ఖాళీ చేయించడానికి అది ఒప్పుకోదు. మీకు ఉన్న రక్షణంతా ఆ ఒక్క అలవాటు మీద నిలబడి ఉంది. కిరాయి ఆపితే ఓనరు బకాయి కట్టమని రాతపూర్వకంగా నోటీసు ఇవ్వవచ్చు, 90 రోజులు గడిచాక కోర్టుకు వెళ్లవచ్చు. సమన్లు అందిన 90 రోజుల్లో బకాయి మొత్తం 15 శాతం వడ్డీతో, కోర్టు ఖర్చులతో కట్టి, కేసు తేలేదాకా నెలనెలా కడుతూ ఉంటే అప్పుడు కూడా బయటపడవచ్చు. కానీ అప్పటికి కేసు మీ బకాయి గురించి అయిపోతుంది, స్లాబు ఊసు ఎవరూ ఎత్తరు. ఖాళీ చేయండి అంటున్న మనిషికి మీరే కారణం చేతికిచ్చినట్టవుతుంది.

పైగా మీరు ఇన్నేళ్లు కట్టిన కిరాయికి రుజువు లేదు. రేపు ఆజీకి ఏదైనా అయితే, ఏడాదిగా కట్టలేదు అని కొడుకు అంటే మీ దగ్గర చూపించడానికి ఏముంది? ఈ నెల నుంచే ఆజీ ఖాతాకో కొడుకు ఖాతాకో పంపండి, ఏ నెల కిరాయో అందులో రాయండి. ఆజీ చేతికే కావాలంటే ఒక చిన్న నోటుబుక్కులో తారీఖు, మొత్తం రాసి సంతకం పెట్టించుకోండి. రసీదు ఇవ్వడం ఓనరు బాధ్యత, మీరు అడగడంలో తప్పేమీ లేదు.

ఇప్పుడు మీకు పనికొచ్చే అసలు సెక్షన్. ఆ చట్టంలో 14వ సెక్షన్ ప్రకారం, కిరాయిదారు వేరేగా ఒప్పుకుని ఉంటే తప్ప, కట్టడాన్ని వాడుకోవడానికి వీలుగా మంచి స్థితిలో ఉంచే బాధ్యత ఓనరుది. ఆయన పట్టించుకోకపోతే కనీసం 15 రోజుల గడువుతో నోటీసు ఇవ్వాలి. ఆ తర్వాత తగినంత సమయంలోనూ చేయించకపోతే కిరాయిదారే చేయించుకుని ఆ ఖర్చును కిరాయిలో మినహాయించుకోవచ్చు, లేదా వేరేగా వసూలు చేసుకోవచ్చు. కిరాయిదారులు కలిసి కూడా నోటీసు ఇవ్వవచ్చని చట్టమే చెబుతోంది. అప్పుడు ఎవరి కిరాయి ఎంతో దాన్ని బట్టి ఖర్చు పంచుకోవాలి. మీరు రాసి ఉంచిన లెక్క, బిల్లులే ఖర్చుకు రుజువు, వాటికి ఓనరు కట్టుబడాలి. అందుకే మేస్త్రీకి ఇచ్చే కూలికి కూడా సంతకంతో కాగితం తీసుకోండి, సిమెంటు, కెమికల్ బిల్లులు మీ పేరు మీద రాయించండి.

ఇందులో ఒక పరిమితి ఉంది, దాన్ని చూసుకోకుండా పనిలో దిగితే చేతిలో డబ్బు ఇరుక్కుపోతుంది. ఒక ఏడాదిలో మినహాయించుకునేది ఆ ఏడాది కిరాయిలో నాలుగో వంతు దాటకూడదు. మీ కిరాయి ఏడాదికి 72,000, అందులో నాలుగో వంతు 18,000. మీరొక్కరే 45,000 పెట్టి చేయిస్తే తిరిగి రావడానికి రెండున్నరేళ్లు పడుతుంది. నలుగురూ కలిసి 35,000 చొప్పున పెడితే రెండేళ్లలో వచ్చేస్తుంది. అంటే నెలకు 1,500 తగ్గించి, 4,500 కట్టడం. అంతకుమించి తగ్గిస్తే ఆ మిగతాది బకాయి కిందికి వస్తుంది. ముందు పెట్టుబడి మాత్రం మీదే. అప్పు చేసి పెట్టాల్సి వస్తే ఆ వడ్డీ కూడా లెక్కలో వేసుకోండి. ఒకే స్లాబు కాబట్టి మీ భాగం ఒక్కటే చేయిస్తే పక్క షాపు మీద నిలిచిన నీళ్లు మళ్లీ మీ వైపే వస్తాయి. ఈ రెండు కారణాల వల్ల నలుగురూ కలవడమే మేలనిపిస్తుంది నాకు. పక్క షాపాయనకు ఉత్సాహం ఉంది, దాన్ని నోటీసు వైపు తిప్పండి. ముందు చేయించి తర్వాత చెబితే ఈ సెక్షన్ వర్తించదు. అందులో మొదటి మెట్టే నోటీసు.

చేయించే పని కూడా రిపేరు వరకే ఉండాలి. పగుళ్లు మూయడం, తుప్పు గీకడం, ప్లాస్టర్, వాటర్‌ప్రూఫింగ్, నీళ్లు పోయే వాలు సరిచేయడం, ఇవన్నీ రిపేరే. చాలామంది చేసేలా స్లాబు మీద ఇనుప గొట్టాలు నిలబెట్టి రేకుల షెడ్డు వేయించాలని మేస్త్రీ చెప్పవచ్చు. అది బాగా పనిచేస్తుంది కూడా. కానీ ఓనరు రాతపూర్వక అనుమతి లేకుండా శాశ్వత కట్టడం వేయడం ఖాళీ చేయించడానికి ఒక కారణమని అదే చట్టం 16వ సెక్షన్ చెబుతోంది. షెడ్డు కావాలంటే ఓనరు సంతకం వచ్చాకే.

వీటన్నిటికీ ముందు రెండు విషయాలు తేల్చుకోవాలి. మొదటిది, ఈ చట్టం దాని షెడ్యూళ్లలో ఉన్న ప్రాంతాలకే వర్తిస్తుంది. మీ షాపు ఉన్న చోటు అందులో ఉందని వకీలు దగ్గర నిర్ధారించుకోండి. లేకపోతే 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం కిందికి వస్తారు. అందులో 108వ సెక్షన్ కూడా నోటీసు ఇచ్చి, చేయించుకుని, మినహాయించుకోనిస్తుంది. అయితే ఆ రిపేరు ఓనరు చేయాల్సిందేనని ఒప్పందంలోనో, స్థానిక ఆనవాయితీలోనో ఉండాలి. పెద్దాయన ఇన్నేళ్లూ తనే చేయించారన్న విషయం అప్పుడు మీకు అక్కరకొస్తుంది. ఎప్పుడెప్పుడు ఏ పని చేయించారో, నాలుగు షాపులవాళ్లూ గుర్తు చేసుకుని రాసిపెట్టుకోండి.

రెండోది ఆ పాత కాగితం. మరాఠీ బాగా చదివేవాళ్లతో ప్రతి వాక్యం చదివించుకోండి. రిపేర్లు కిరాయిదారే చేయించుకోవాలి అన్న ముక్క అందులో ఉంటే కథ మారిపోతుంది, 14వ సెక్షన్ మీకు అంత సాయం చేయదు. అప్పుడు చిన్నచిన్న రిపేర్లు వేరు, స్లాబు వేరు అని వాదించాల్సి ఉంటుంది. కాగితం లీవ్ అండ్ లైసెన్స్ (కిరాయిదారు హక్కు లేకుండా, వాడుకోవడానికి అనుమతి మాత్రమే ఇచ్చేది) అయి ఉంటే చిక్కు ఇంకా పెద్దది. మీరు భాడే కరార్ అని రాశారు కాబట్టి ఆ భయం తక్కువే. గడువు ఎప్పుడో అయిపోయింది కదా అని దిగులు పడకండి. గడువు దాటాక కూడా కిరాయి తీసుకుంటూ వచ్చారు కాబట్టి మీరు కిరాయిదారే. పైగా కరారును రాతపూర్వకంగా రాసి రిజిస్టర్ చేయించే బాధ్యత ఈ చట్టం 55వ సెక్షన్ ఓనరు మీదే పెట్టింది. అలా చేయించనప్పుడు, షరతుల గురించి కిరాయిదారు చెప్పే మాటనే, అది తప్పని రుజువయ్యేదాకా, నిజమని తీసుకుంటారు.

నోటీసు మరాఠీలోనే ఉండాలి, ఓనరు కొడుకు చదివితే అర్థం కావాలి కాబట్టి. సంతకం పెట్టేముందు తెలుగులో మీకు పూర్తిగా చెప్పించుకోండి. అందులో కోపం వద్దు. ఎప్పటి నుంచి కారుతోంది, ఎప్పుడెప్పుడు చెప్పారు, ఏం పడింది, ఏం పాడైంది, ఏ పని కావాలి, ఎంత అవుతుందన్న అంచనా, గడువు, గడువు దాటితే మీరే చేయించి 14వ సెక్షన్ ప్రకారం మినహాయిస్తామన్న మాట, ఇంతే. ఒక సివిల్ ఇంజినీరు వచ్చి చూసి ఇచ్చిన చిన్న రిపోర్టు జతచేస్తే మేస్త్రీ మాటకన్నా బరువు ఉంటుంది. పెద్దాయన పోయారు కాబట్టి ఆజీ, కొడుకు, ఇంకా ఎవరైనా కూతుళ్లు, కొడుకులు ఉంటే వాళ్లందరి పేర్లకూ పంపండి. నగర పరిషత్ ఇంటి పన్ను రికార్డులో ఇప్పుడు ఎవరి పేరు ఉందో చూస్తే తెలుస్తుంది. స్పీడ్ పోస్టులో పంపి రసీదు, అందినట్టు రుజువు దాచుకోండి. కొడుకు పంపిన వాట్సాప్ మెసేజ్‌లు తుడిచేయకండి, ఫోను మార్చినా పాతది అమ్మకండి.

ఆజీ గురించి మీరు రాసిన వాక్యాలు నేను రెండుసార్లు చదివాను. 14 ఏళ్ల పరిచయం, మీ అబ్బాయిని ఎత్తుకున్న మనిషి. ఆ ఇబ్బంది నిజమైనది, దాన్ని పక్కకు తోసేయమని నేను చెప్పను. కానీ పోస్టుమ్యాన్ తెచ్చిచ్చాకే ఆమెకు తెలిస్తే ఆ బాధ ఎక్కువ. ముందుగా మీరే వెళ్లండి. వీలైతే ఆమెను షాపులోకి పిలిచి ఆ చువ్వలు చూపించండి. వెనక ఆమె ఉంటున్న ఇల్లు కూడా అదే కట్టడం కదా, ఆమె నెత్తి మీద కూడా అదే ప్రమాదం. "ఆజీ, మీ అబ్బాయికి కాగితం పంపుతున్నాం, మీ మీద కోపంతో కాదు, ఆయన ఫోన్లో వినట్లేదు కాబట్టి" అని చెప్పండి. ఆమె బాధపడవచ్చు. అయినా, నాలుగేళ్లుగా మీరు మొహమాటంతో మోసిన ఖర్చు కూడా ఆ స్నేహాన్ని లోలోపల తినేస్తూనే ఉంది.

కొడుకు ఎందుకు కదలట్లేదో కూడా కాస్త ఆలోచించండి. పెద్దాయన పోయాక వాటాలు తేలకపోతే ఏ వారసుడూ ముందుగా తన జేబులోంచి తీయడు. లేదా కిరాయి తక్కువని ఆయనకు ఉండవచ్చు. లేదా అమ్మే ఆలోచన ఉండవచ్చు. కారణాన్ని బట్టి మాట్లాడే తీరు మారుతుంది. డబ్బు లేకపోతే, మేం పెడతాం, మీరు కిరాయిలో మినహాయించండి అని నలుగురూ కలిసి అడగండి. ఇద్దరూ ఒప్పుకుని రాసుకుంటే నాలుగో వంతు కన్నా ఎక్కువ మినహాయించి త్వరగా తీర్చేసుకోవచ్చు. కిరాయి సంగతైతే, ఏడాదికి 4 శాతం పెంచుకునే హక్కు చట్టం ఆయనకూ ఇచ్చింది. పని పూర్తయ్యాక న్యాయమైన పెంపుకు మీరు సిద్ధమని చెప్పడం బేరంలో మీకే మంచిది. అమ్మినా సరే, కొన్నవాళ్ల కింద మీరు కిరాయిదారుగానే కొనసాగుతారు. కాకపోతే మీకు రావాల్సిన రిపేరు డబ్బు కొత్తవాళ్లు ఇస్తారా, పాతవాళ్లా అన్నది ముందే కాగితం మీద ఉండాలి. నన్ను అడిగితే, నోటీసు పంపి, దాని వెనకే ఇలాంటి ఒప్పందానికి కూర్చోవడం మీకు అన్నిటికన్నా తక్కువ నొప్పితో తేలే దారి.

నగర పరిషత్‌కు ఫిర్యాదు చేయమని కూడా ఎవరో ఒకరు చెబుతారు. ప్రమాదకరంగా ఉన్న కట్టడాన్ని బాగుచేయమని, లేదా తీసేయమని ఓనరును ఆదేశించే అధికారం వాళ్లకుంది. కానీ ఆ ఫిర్యాదు ఎటు తిరుగుతుందో మీ చేతిలో ఉండదు. బాగుచేయమనే బదులు కూల్చేయమని ఆదేశం వస్తే, ఖాళీ చేయించడానికి అది ఓనరుకు చట్టపరమైన కారణం అవుతుంది. ఇంజినీరు చూసి కూలేలా ఉందంటే మాత్రం ఆలోచించకండి, ఫిర్యాదు చేయండి. రిపేరుతో పోయేదే అంటే ముందు మిగతా దారులు చూడండి.

కోర్టుకు వెళ్లాల్సి వస్తే, ముంబయి, పుణె, నాగపూర్ లాంటి స్మాల్ కాజెస్ కోర్టు ఉన్న ఊళ్లు తప్ప మిగతా చోట్ల ఈ కేసులు జూనియర్ డివిజన్ సివిల్ జడ్జి ముందుకు వెళతాయి. వకీలు ఫీజు గురించి భయపడకండి. 1987 న్యాయసేవల చట్టం కింద స్త్రీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయసాయం అందుతుంది. కోర్టు ఆవరణలో తాలూకా న్యాయసేవల కమిటీ ఎక్కడుందో అడిగి వెళ్లండి. నోటీసు రాయించడానికి కూడా అక్కడే అడగవచ్చు. కేసు వేయకుండానే లోక్ అదాలత్‌లో రాజీకి పెట్టమని కోరవచ్చు. అక్కడ ఫీజు ఉండదు, ఇద్దరూ ఒప్పుకుని సంతకం పెట్టింది కోర్టు తీర్పుతో సమానం, దాని మీద అప్పీలు లేదు. అప్పీలు లేదన్నది మీకూ వర్తిస్తుంది కాబట్టి తొందరలో తక్కువకు ఒప్పుకోవద్దు. పాడైన పట్టుచీర డబ్బు కూడా నోటీసులో అడగండి. వస్తుందని మాత్రం లెక్కలో వేసుకోకండి, అది రుజువు చేయడం కష్టం.

ఒకవేళ ఓనరు, మేం బాగుచేయిస్తాం, నాలుగు నెలలు ఖాళీ చేయండి అంటే? ఉత్త మాట మీద తాళం చెవి ఇవ్వకండి. ఖాళీ చేయిస్తే తప్ప చేయలేని రిపేరు అని కోర్టులో తేలి డిక్రీ ఇచ్చేటప్పుడు, తిరిగి వస్తారా అని కిరాయిదారును అడిగి ఆ మాటను డిక్రీలో రాస్తారు. కోర్టు బయట ఒప్పుకుంటే అదే మాట, తిరిగి ఇచ్చే తేదీతో, వారసులందరి సంతకాలతో రాయించుకోండి.

షాపు మారడం కూడా ఒక దారే, దాన్ని ఓడిపోవడం అనుకోకండి. కొలతలు ఇచ్చి బ్లౌజు కుట్టించుకునేవాళ్లు మనిషిని చూసి వస్తారు, రెండు వీధుల అవతలికైనా వస్తారు. కొత్త చోట మాత్రం 11 నెలల లీవ్ అండ్ లైసెన్స్ కాగితమే పెడతారు, ఇప్పుడున్నంత రక్షణ ఉండదు. అడ్వాన్స్, బోర్డు, కరెంటు పనుల ఖర్చు 35,000 దాటుతుందేమో వేసి చూడండి. ఎక్కువవుతుంటే ఉన్న చోటే బాగుచేయించుకోవడం నయం. ఇంజినీరు ఈ స్లాబుకు ఆయుష్షు లేదంటే మాత్రం మారిపోవడమే మంచిది.

మీ భర్తకు ఒక మాట చెప్పండి. 14వ సెక్షన్‌లో కిరాయిదారు అని ఉంది, మరాఠీ కిరాయిదారు అని లేదు. మీ మామగారు ఆ మిల్లులో పనిచేశారు, మీ పిల్లలు అక్కడే చదివారు, మీరు కుట్టిన బ్లౌజులు ఆ ఊరి పెళ్లిళ్లలో ఉన్నాయి. బయటివాళ్లన్న మాట ఎవరూ అనకముందే మీరే అనుకుని వెనక్కి తగ్గితే, పక్క ముగ్గురు షాపులవాళ్లు కూడా తగ్గుతారు.

వానలు జూన్ మధ్యకల్లా విదర్భను పట్టుకుంటాయి. ఎండ ఉన్నప్పుడే స్లాబు ఆరి వాటర్‌ప్రూఫింగ్ పట్టుకుంటుంది. నోటీసుకు 15 రోజులు, మాటలకు ఒక నెల, పనికి మూడు వారాలు అనుకున్నా, నోటీసు పంపడం మార్చి దాటనివ్వకండి. ఆ స్టాంపు కాగితం రెండు వైపులా ఫోటో తీసి, పేర్లు కనిపించకుండా చేసి పంపండి. రిపేర్ల గురించి అందులో ఏముందో చూసి, నోటీసులో ఆ వాక్యం ఎలా ఉండాలో వచ్చే వారం రాస్తాను.